ఉల్లిపొరంత చర్మం

మంత్రాలయం పక్క పల్లెలో ఒకామెకు ఒళ్లు కాలిందనుకుందాం. 108 బండిలో కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. కొన్నాళ్లకు డాక్టరు వచ్చి, "తొడ మీది చర్మం తీసి కాలినచోట వేయాలి. ఈ కాగితం మీద సంతకం పెట్టండి" అన్నాడు. ఇంటివాళ్లకు గుండె జారిపోతుంది. "ఉన్న పుండు చాలదని ఇంకో పుండు చేస్తారా?" అంటుంది తల్లి. "మేకను ఒలిచినట్టు ఒలుస్తారంట వదినా" అంటుంది పక్కమంచం ఆమె. "తొడ కోస్తే మళ్లీ నడుస్తుందా?" అని మొగుడి అనుమానం. సంతకం పెట్టేందుకు చెయ్యి రాదు. "మా బిడ్డను ఇంటికి తీసుకుపోతాం" అంటారు.

ఆ భయాన్ని చూసి నవ్వకూడదు. ఒకప్పుడు చర్మం కోయడం నిజంగానే భయపడాల్సిన పని. అప్పట్లో ఎంత లోతు తెగుతుందో కోసేవానికే తెలిసేది కాదు. ఇప్పుడు కోయబోయే ముందే ఎంత మందం రావాలో కత్తికి చెప్పి పెట్టొచ్చు. ఇంత దూరం రావడానికి వందల ఏళ్లు పట్టింది. ఆ కత్తుల కథే ఇది.

ముందు చర్మం సంగతి చూద్దాం. కర్నూలు ఉల్లిగడ్డ అందరికీ తెలిసిందే. పైన పలచని పొర ఉంటుంది. దాని కింద మందపు రేకలు ఉంటాయి. మన చర్మం కూడా కొంత అట్లాంటిదే. పైపొర చాలా పలచన. దాని కింద మందమైన లోపలి పొర. రక్తనాళాలు, నొప్పి తెలిపే నరాలు ఈ లోపలి పొరలో ఉంటాయి. వెంట్రుకల కుదుళ్లు, చెమట గొట్టాలు కూడా ఇందులోనే. ఈ వెంట్రుక కుదుళ్ల సంగతి గుర్తు పెట్టుకోండి. కథంతా వాటి చుట్టే తిరుగుతుంది.

గరికను పైన కోస్తే ఏమవుతుంది? నాలుగు రోజుల్లో మళ్లీ చిగురిస్తుంది. కింద వేరు ఉంది కనుక. వేరుతో సహా పెరికేస్తే ఆ చోటు బోసిపోతుంది. చర్మం కూడా అంతే. పైపైన కాలితే, కుదుళ్లలో మిగిలిన జీవకణాలు పైకి పాకి కొత్త పొర కడతాయి. లోతుగా కాలితే కుదుళ్లు కూడా మాడిపోతాయి. ఇక నడుమ నుంచి మొలిచేందుకు ఏమీ మిగలదు. పుండు అంచుల నుంచి మాత్రమే చర్మం మెల్లగా పాకాలి. చిన్న పుండు అయితే మూసుకుంటుంది. పెద్ద పుండు నెలల తరబడి పచ్చిగానే ఉంటుంది. చీము పడుతుంది. ఒకవేళ మానినా, మానేటప్పుడు ముడుచుకుంటుంది. మెడ కాలినామెకు గడ్డం రొమ్ముకు అతుక్కుపోతుంది. చెయ్యి కాలినామెకు వేళ్లు వంగిపోతాయి. ఆ చేత్తో రొట్టె తట్టలేదు, కొడవలి పట్టలేదు, బిడ్డను ఎత్తుకోలేదు. డాక్టర్లు చర్మం వేయాలని తొందరపెట్టేది ఇందుకే.

అన్నట్టు, కాలినప్పుడు మొదట చేయాల్సిన పని ఒకటుంది. మంటలు ఆర్పి, కాలినచోట మామూలు చల్లటి నీళ్లు 20 నిమిషాల పాటు పోస్తూ ఉండాలి. చంటిబిడ్డ అయినా, ఒళ్లంతా కాలినా మరీ చల్లబడిపోకుండా మిగతా ఒంటికి దుప్పటి కప్పాలి. గాజులు, ఉంగరాలు, మెట్టెలు వాపు రాకముందే తీసేయాలి. అతుక్కున్న గుడ్డను లాగకూడదు. సిరా, పళ్లపేస్టు, పేడ, దోసెపిండి, పసుపు, ఐసు ఏవీ పెట్టకూడదు. శుభ్రమైన గుడ్డ కప్పి ఆసుపత్రికి పోవాలి.

ఇక కథకు వద్దాం.

ఒకచోటి చర్మం ఇంకోచోట పెట్టే విద్య మన దేశంలో చాలా పాతది. సుశ్రుతుడు అనే వైద్యుని పేరుతో ఒక సంస్కృత గ్రంథం ఉంది. రెండు వేల ఏళ్ల నాటి విద్య అందులో ఉందని పండితులు చెబుతారు. తెగిన ముక్కును ఎట్లా కట్టాలో అందులో రాశారు. ముక్కు ఎంత ఉండాలో అంత ఆకును కత్తిరించాలి. ఆ ఆకు కొలతకు చెంప మీది చర్మం కోసి తిప్పి ముక్కు మీద అతకాలి. ఊపిరి ఆడటానికి లోపల రెండు గొట్టాలు పెట్టాలి. పైన దూది వేసి నువ్వుల నూనె చల్లాలి. ఇదీ పద్ధతి. పనిముట్ల గురించి కూడా వివరంగా ఉంది. పట్టుకునేవి, లాగేవి 101 రకాలు, కోసేవి 20 రకాలు చెప్పారు. కత్తి పదును వెంట్రుకను చీల్చేంత ఉండాలన్నారు. శిష్యులు మనుషులను కోసే ముందు గుమ్మడి, సొర, దోసకాయల మీద చెయ్యి తిప్పుకోవాలన్నారు. తెలివైన మాట.

ముక్కు మీదనే ఇంత శ్రద్ధ ఎందుకు? ఆ కాలంలో ముక్కు కోయడం ఒక శిక్ష. దొంగకు, ఓడిన సైనికునికి ఆ శిక్ష వేసేవాళ్లు. అనుమానపు మొగుళ్లు పెళ్లాల ముక్కులు కోసేవాళ్లు. శూర్పణఖ కథ మనకు తెలియనిది కాదు. ముక్కు పోతే ప్రాణం పోదు, కానీ నలుగురిలో తలెత్తుకోలేరు. అందుకే ముక్కు కట్టే విద్యకు అంత గిరాకీ ఉండేది.

ఈ విద్య బయటి దేశాలకు తెలిసింది ఒక ఎద్దులు తోలేవాని వల్ల. టిప్పు సుల్తానుకు, ఇంగ్లీషువాళ్లకు యుద్ధాలు జరుగుతున్న కాలం అది. మన సీమ కూడా ఆ యుద్ధాల్లో నలిగింది. మంత్రాలయానికి దగ్గరి ఆదోని కోటను టిప్పు 1786లో ముట్టడించి పట్టుకున్నాడు. 1792 నాటి యుద్ధంలో ఇంగ్లీషు సైన్యానికి ఎద్దులు తోలిన మరాఠా రైతు ఒకడున్నాడు. పేరు కావస్‌జీ. అతను టిప్పు సైన్యానికి చిక్కాడు. వాళ్లు అతని ముక్కు, ఒక చెయ్యి కోసి పంపారు. ఏడాది పాటు ముక్కు లేకుండా తిరిగాడు. తర్వాత పూనా దగ్గర ఇటుకలు చేసే కులం మనిషి ఒకతను అతనికి ముక్కు కట్టాడు. ఇద్దరు ఇంగ్లీషు డాక్టర్లు పక్కన నిలబడి చూశారు.

ఆ పని ఎట్లా చేశాడో వినండి. పలచని మైనపు రేకును ముక్కు ఆకారంలో వంచాడు. దాన్ని చదును చేసి నుదుటి మీద పరిచి చుట్టూ గీత గీశాడు. ఆ గీత వెంట చర్మం కోసి లేపాడు. కానీ పూర్తిగా తెంపలేదు. రెండు కళ్ల నడుమ చిన్న తొడిమ ఉంచాడు. ఆ తొడిమలో నుంచే కోసిన చర్మానికి రక్తం అందుతుంది. కాయ తొడిమతో చెట్టుకు వేలాడినట్టు అన్నమాట. ఆ చర్మాన్ని మెలితిప్పి కిందికి దించి ముక్కు చోట అమర్చాడు. కుట్లు వేయలేదు. తాంబూలంలో వేసుకునే కాచు ఉంది కదా, దాన్ని నీళ్లలో మెత్తగా కలిపి గుడ్డ పీలికలకు రాసి, అయిదారు పీలికలు ఒకదాని మీద ఒకటి అంటించాడు. నాలుగు రోజులు ముట్టుకోలేదు. తర్వాత నెయ్యిలో తడిపిన గుడ్డ వేశాడు. సుమారు 25వ రోజున, ముక్కు అతుక్కున్నాక, తొడిమ తెంపాడు.

ఈ సంగతి బొమ్మతో సహా 1794 అక్టోబరులో లండన్ పత్రికలో అచ్చయింది. కార్ప్యూ అనే లండన్ డాక్టరు ఆ పద్ధతిని నేర్చుకుని 1814లో ఒక సైనికాధికారికి ముక్కు కట్టాడు. ఇటుకలు చేసే అతని పేరు మాత్రం ఏ కాగితంలోనూ రాలేదు. ఎద్దులు తోలినవాని పేరు మిగిలింది, ముక్కు కట్టినవాని పేరు పోయింది. వైద్యం కథలో ఇట్లాంటి అన్యాయాలు చాలానే ఉన్నాయి.

తొడిమ పద్ధతి ముక్కుకు బాగుంది. కానీ వీపంతా కాలినామెకు తొడిమ ఎక్కడి నుంచి తేవాలి? చర్మాన్ని పూర్తిగా తెంపి, దూరంగా ఇంకోచోట నాటగలగాలి. అది బతుకుతుందా? ఉల్లినారు పెరికి మడిలో నాటితే బతుకుతుంది. చర్మం కూడా నారులాగే బతుకుతుందని చూపినవాడు జాక్ రెవర్డిన్. అతనిది స్విట్జర్లాండ్ దేశం, పనిచేసింది పారిస్ ఆసుపత్రిలో. 1869లో అతను ఒక రోగి చేతి మీద నుంచి, సన్నని మొనకత్తితో జొన్నగింజ పాటి చర్మం ముక్కలు తీశాడు. వాటిని ఎర్రగా ఉన్న పుండు మీద అక్కడక్కడా పెట్టాడు. అవి అతుక్కున్నాయి. ఒక్కొక్క ముక్క చుట్టూ కొత్త చర్మం పాకింది. మరుసటి ఏడాది లండన్‌లో పొల్లాక్ అనే డాక్టరు ఎనిమిదేళ్ల పిల్లకు ఇదే చేశాడు. బట్టలకు నిప్పంటుకుని ఆ పిల్ల తొడ కాలింది. రెండేళ్లుగా ఆ పుండు మానలేదు.

గింజపాటి ముక్కలతో పెద్ద పుండు నిండాలంటే చాలా కాలం పడుతుంది. మానినా గుంటలు గుంటలుగా ఉంటుంది. అందుకని ఫ్రాన్సులో ఒలియే, జర్మనీలో టీర్ష్ అనే డాక్టర్లు 1870లలో పెద్ద పొరలు తీయడం మొదలుపెట్టారు. వాడింది గడ్డం గీసే మంగలికత్తి లాంటి వెడల్పు కత్తి. ఒకరు తొడ చర్మాన్ని బిగువుగా లాగి పట్టుకుంటారు. డాక్టరు కత్తిని పడుకోబెట్టి, రంపం లాగినట్టు ముందుకూ వెనక్కూ ఆడిస్తూ పోతాడు. పలచని పొర కత్తి మీదికి మడతలు మడతలుగా వస్తుంది.

చెప్పడానికి తేలికే, చేయడం కష్టం. కత్తి కాస్త లేస్తే పొర చిరిగిపోతుంది. కాస్త దిగబడితే లోపలి కుదుళ్లు కూడా తెగిపోతాయి. అప్పుడు తల్లి భయపడినట్టే తొడ మీద ఇంకో మానని పుండు తయారవుతుంది. చెయ్యి తిరిగిన డాక్టరుకు బాగా వచ్చేది, కొత్తవానికి వచ్చేది కాదు. రోగి బాగుపడటం ఒక మనిషి మణికట్టు మీద ఆధారపడి ఉండేది.

చాకుతో దోసకాయ చెక్కు తీసేటప్పుడు ఒకచోట మందంగా, ఒకచోట పలచగా వస్తుంది. చెక్కు తీసే పీలరుతో తీస్తే అంతా ఒకే మందంలో వస్తుంది. ఎందుకు? దాని బ్లేడు పక్కన ఒక పట్టీ అడ్డం ఉంటుంది. ఆ సందులో ఎంత పడితే అంతే తెగుతుంది, లోపలికి దిగబడదు. చర్మం కోసే కత్తికి కూడా అట్లాంటి అడ్డం కావాలి. 1920లో అర్జెంటీనా దేశంలో ఫినొకియెట్టో అనే డాక్టరు అడ్డం ఉన్న కత్తి చేశాడు. 1930లలో లండన్‌లో హంబీ అనే డాక్టరు పొడవాటి కత్తికి ఎదురుగా గుండ్రని సన్న రోలరు బిగించాడు. మర తిప్పితే రోలరు కత్తికి దగ్గరవుతుంది, లేదా దూరమవుతుంది. ఆ సందు ఎంతో పొర అంతే వస్తుంది. తర్వాత వాట్సన్ అనే అతను దాన్ని ఇంకా బాగుచేశాడు.

ఈ కత్తిని ఇప్పటికీ మన దేశంలో ఎన్నో ఆసుపత్రుల్లో వాడుతున్నారు. దానికి కరెంటు అక్కర్లేదు. పెద్ద ఖరీదు కాదు. బ్లేడు మార్చుకుంటే చాలు. డాక్టరు కోయబోయే ముందు కత్తిని వెలుతురుకు ఎదురుగా పట్టుకుని సందు చూసుకుంటాడు. తొడ మీద, కత్తి మీద కాస్త నూనె లాంటిది రాస్తాడు, కత్తి జారేందుకు. నర్సు ఒక చెక్కతో చర్మాన్ని చదునుగా లాగి పట్టుకుంటుంది.

అయితే కడుపు మీద, పక్కటెముకల మీద ఈ కత్తి సరిగా సాగదు. కడుపు మెత్తన, పక్కటెముకలు ఎగుడుదిగుడు. దీనికి 1930ల చివర అమెరికాలో ప్యాజెట్ అనే డాక్టరు, హుడ్ అనే ఇంజినీరు కలిసి ఒక ఉపాయం చేశారు. నిలువునా సగానికి కోసిన డబ్బా లాంటి ఇనుప పనిముట్టు అది. డబ్బాకు, చర్మానికి జిగురు రాస్తారు. డబ్బాను ఒంటి మీద ఆనించి మెల్లగా దొర్లిస్తే చర్మం అంటుకుని పైకి లేస్తుంది. పక్కనే ఉన్న కత్తి ఆ లేచిన పొరను అనుకున్నంత మందంలో కోస్తుంది. దీన్ని డెర్మటోమ్ అన్నారు. చర్మం కోసేది అని దాని అర్థం. 1939లో దీని గురించి అచ్చయింది. అదే ఏడాది రెండవ ప్రపంచ యుద్ధం మొదలైంది. విమానాల్లో, ట్యాంకుల్లో కాలిన సైనికులు వేలల్లో ఆసుపత్రులకు వచ్చారు. చర్మం కోసే పనిముట్లకు ఎన్నడూ లేనంత అవసరం పడింది.

ఆ యుద్ధంలోనే హ్యారీ బ్రౌన్ అనే అమెరికా డాక్టరు జపానువాళ్లకు బందీగా చిక్కాడు. చెరలో ఉండగా అతనికి ఒక ఆలోచన వచ్చింది. క్రాపు చేసే మిషను లాగా కరెంటుతో బ్లేడు గబగబా అటూ ఇటూ ఆడితే, చర్మం కోయడం ఎవరికైనా సులువు కదా అని. విడుదలై ఇంటికి వెళ్లాక ఆ యంత్రాన్ని చేయించాడు. 1948లో అది లోకానికి తెలిసింది. ఇప్పుడు పెద్ద ఆసుపత్రుల్లో ఉండే కరెంటు యంత్రాలు, గాలితో నడిచే యంత్రాలు దాని వంశంవే. అంకె ఉన్న చోటికి మర తిప్పి, తొడ మీద ఆనించి ముందుకు నడిపితే చాలు. రిబ్బను లాగా పొర బయటికి వస్తుంది. దాని మందం మామూలుగా ఒక మిల్లీమీటరులో అయిదో వంతు నుంచి మూడో వంతు దాకా ఉంటుంది. తల వెంట్రుకలు మూడు నాలుగు ఒకదాని మీద ఒకటి పేర్చినంత. పట్టుకుని చూస్తే వెనక ఉన్నది మసగ్గా కనిపిస్తుంది. మేకను ఒలిస్తే తోలంతా వస్తుంది. ఇక్కడ వచ్చేది పైనున్న పలచని వంతు మాత్రమే. వేరు లోపలే ఉంటుంది. అందుకే తొడ మీది గాయం రెండు వారాలు, అటూఇటూగా మానిపోతుంది. అవసరమైతే కొంతకాలం ఆగి అదే చోటి నుంచి మళ్లీ తీయొచ్చు కూడా.

ఇంకో చిక్కు మిగిలింది. ఒంట్లో సగం కాలినామెకు మంచి చర్మం మిగిలేదే సగం. పుండు పెద్దది, కప్పడానికి పొర చిన్నది. దీనికి 1964లో అమెరికాలో ట్యానర్ అనే డాక్టరు, అతని తోటివాళ్లు ఒక యంత్రం చేశారు. తుంగభద్రలో పుట్టి మీద పోయి వల వేసేవాళ్లను మంత్రాలయంవాళ్లు చూసే ఉంటారు. మడిచిన వల గుప్పెడంత, విప్పితే మడుగంత. ట్యానర్ యంత్రం చర్మపు పొరకు వరుసగా చిన్న చిన్న గాట్లు పెడుతుంది. లాగితే పొర వల లాగా విచ్చుకుంటుంది. రెండింతలు, మూడింతలు చోటు కప్పుతుంది. ఆ కన్నాల్లోకి చుట్టూ ఉన్న చర్మం పాకి పూడ్చుకుంటుంది. కన్నాల నుంచి కింద చేరిన రక్తం, నీరు బయటికి పోతాయి. ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే అడుగున నీరు నిలిస్తే నారు కుళ్లినట్టు పొర కుళ్లిపోతుంది. అయితే వల గుర్తులు ఒంటి మీద ఉండిపోతాయి. అందుకే మొహానికి, చేతులకు వీలైనంత వరకు కన్నాలు లేని నిండు పొరే వేస్తారు.

"ఆమె ఒంటిది ఎందుకు, నా తొడది తీసి నా బిడ్డకు వేయండి" అనే తల్లులు ఉంటారు. వేయొచ్చు, కానీ నిలవదు. ఒకరి చర్మాన్ని ఇంకొకరి ఒళ్లు పరాయిదని గుర్తుపట్టి కొన్ని వారాల్లో తోసేస్తుంది. ఒకే పోలికలో పుట్టిన కవలలకు మాత్రం నిలుస్తుంది. ఈ తోసేయడం ఎందుకు జరుగుతుందో 1940లలో బ్రిటన్‌లో మెడవార్ అనే శాస్త్రవేత్త, కాలినవాళ్లకు వేసిన చర్మాన్ని చూసే కనిపెట్టాడు. కానీ ఆ కొన్ని వారాలు కూడా పెద్ద మేలే. చీము పట్టకుండా, ఒంట్లో నీరు పోకుండా పరాయి చర్మం కట్టుగుడ్డలా కాపాడుతుంది. అందుకే చనిపోయినవాళ్ల చర్మాన్ని దాచే బ్యాంకులు వచ్చాయి. హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రిలో అట్లాంటి బ్యాంకు ఉంది. ప్రాణం పోయిన ఆరు గంటల లోపల, ఇంటివాళ్లు ఒప్పుకుంటే, కాళ్లు, వీపు మీద నుంచి ఇదే డెర్మటోమ్‌తో ఇదే పలచని పొర తీస్తారు. రక్తం కారదు. రూపు చెడదు. మొహం ముట్టుకోరు.

సంతకం పెట్టిన తర్వాత ఏమవుతుందో కూడా తెలిసి ఉండాలి. మత్తు ఇచ్చే కోస్తారు కనుక కోసేటప్పుడు నొప్పి తెలియదు. మెలకువ వచ్చాక కాలినచోటి కంటే తొడ మీదే ఎక్కువ మంటగా ఉంటుంది. నరాల కొసలు బయటపడతాయి గనుక అట్లా ఉంటుంది. దానికి మందులు ఇస్తారు, అడిగి తీసుకోవాలి. వేసిన చర్మం మొదటి రెండు రోజులు కింది పుండులోని చెమ్మ పీల్చుకుని బతుకుతుంది. ఆ తర్వాత కొత్త రక్తనాళాలు ఎక్కుతాయి. అయిదు రోజుల దాకా ఆ భాగం కదిలితే నాళాలు తెగుతాయి. అందుకని బద్దకట్టు వేస్తారు. "బిగువుగా ఉంది" అని దాన్ని ఎవరూ విప్పకూడదు. వేళ్లు నల్లబడినా, తిమ్మిరెక్కినా మాత్రం వెంటనే నర్సును పిలవాలి.

చర్మం నిలిచాక డాక్టరు చెప్పిన కసరత్తు రోజూ చేయాలి. మెడకు వేసినవాళ్లు మెడ పైకెత్తాలి, చేతికి వేసినవాళ్లు వేళ్లు చాపాలి. నొప్పి అని మానేస్తే మళ్లీ ముడుచుకుంటుంది. కొత్త చర్మంలో నూనె ఊరదు, పొడిబారి దురద పెడుతుంది. గోళ్లతో గీరకుండా కొబ్బరినూనె రాసుకోవాలి. మన సీమ ఎండకు అది త్వరగా నల్లబడుతుంది. ఏడాది దాకా చేనికి పోయేటప్పుడు దాని మీద పలచని నూలుగుడ్డ కప్పుకుని పోవాలి.